హేమిన్‌ని అడిగిన రోజు

2022లో, చలికాలం మొదలవుతున్న రోజుల్లో ఈ కేసు నా దగ్గరకు వచ్చింది. అప్పటికి నేను జిల్లా కోర్టులో చాలా ఏళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నాను. లీగల్ ఎయిడ్ ప్యానెల్‌లో, అంటే ఫీజు ఇచ్చుకోలేనివాళ్ళ తరఫున వాదించడానికి ప్రభుత్వం పెట్టిన లాయర్ల జాబితాలో, నా పేరు ఉండేది. పిల్లల కేసులు ఎక్కువగా నాకే వచ్చేవి, ఎందుకంటే మిగతావాళ్ళు వాటిని అంతగా కోరుకునేవారు కాదు. నేను పుట్టి పెరిగింది ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో, స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్ సెక్టర్ 7లో. మా నాన్న శ్రీకాకుళం నుంచి స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి వచ్చిన మనిషి. అందుకని ఇక్కడి తెలుగువాళ్ళకి కోర్టు పని పడితే ఎవరో ఒకరు నా దగ్గరికే పంపేవారు. పిల్లల కేసు కాబట్టి ఇందులో పేర్లన్నీ మార్చి రాస్తున్నాను.

టౌన్‌షిప్ పక్కనే సుపేలా బజారులో ఒక బట్టల దుకాణం పైన ఉండేది నా ఆఫీసు గది. ఒక మధ్యాహ్నం ఈశ్వరమ్మ, ఆమె భర్త సింహాచలం మెట్లెక్కి వచ్చారు. ఆయన ప్లాంట్‌లో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేస్తాడు, ఫస్ట్ షిఫ్ట్ దిగి ఇంటికైనా వెళ్ళకుండా వచ్చేశాడు. సెక్టర్ 2 క్వార్టర్లో ఉంటారు. పిల్లలు లేరు.

"లాయరమ్మా, మా హేమని తీసుకెల్లిపోతారంట. ఏటి సెయ్యాలో మాకు తెలడం లేదు" అంది ఈశ్వరమ్మ, కూర్చోకుండానే.

"ఎవరు తీసుకెళ్తారక్కా?"

"ఎవరో. ఏ ఊరోళ్ళో కూడా సెప్పరు. ఆళ్ళమ్మ సచ్చిపోనాది కదా, మరిప్పుడు పిల్ల ఫ్రీ అయిపోయిందంట. పిల్ల ఫ్రీ అవడమేటమ్మా?"

హేమ అసలు పేరు హేమిన్, వాళ్ళ ఫోస్టర్ బిడ్డ. ఫోస్టర్ కేర్ అంటే దత్తత కాదు. కన్నవాళ్ళు బతికున్నా పెంచలేని స్థితిలో ఉంటే, ఆ బిడ్డను హోమ్‌లో పడేయకుండా కొంతకాలం ఒక కుటుంబానికి అప్పగిస్తారు. ఆ కుటుంబానికి బిడ్డ మీద హక్కేమీ రాదు, బాధ్యత మాత్రం మొత్తం వస్తుంది. హేమిన్ తండ్రి ఎవరో తెలియదు. తల్లికి మతి స్థిమితం లేక ఆస్పత్రిలో ఉండేది. ఆరేళ్ళ వయసులో పిల్లను ఈశ్వరమ్మకి అప్పగించారు. ఛత్తీస్‌గఢీ తప్ప ఇంకో ముక్క రాదు. రెండు రోజులు గోడ మూలే కూర్చుందట. మూడో రోజు పొద్దున ఈశ్వరమ్మ చద్దన్నంలోకి ఉల్లిపాయ నంజుకుంటుంటే చూసి, "బాసీ!" అని గట్టిగా అందట. వాళ్ళింట్లో కూడా అదే తినేవాళ్ళు, పేరొకటే వేరు. ఆ రోజు ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు. ఏడాది తిరిగేసరికి పిల్ల ఈశ్వరమ్మ విజయనగరం యాసలోనే ఆమెతో పోట్లాడే స్థాయికి వచ్చేసింది. సింహాచలం షిఫ్టు దిగే వేళకి సైకిల్ బెల్లు వినగానే గేటు దాకా పరిగెత్తేదట.

ఆస్పత్రిలో తల్లి పోవడంతో అంతా మారిపోయింది. వెనక ఎవరూ లేని బిడ్డను జిల్లా బాలల సంక్షేమ కమిటీ 'లీగల్లీ ఫ్రీ'గా ప్రకటిస్తుంది, అంటే ఇక దత్తతకి ఇవ్వవచ్చని. ఆ పేరు దేశం మొత్తానికి ఒకటే అయిన వెయిటింగ్ లిస్టులోకి వెళ్తుంది. అందులో ముందున్న దంపతులకి బిడ్డను చూపిస్తారు. ఈశ్వరమ్మా వాళ్ళూ మేమే పెంచుకుంటామని అడిగారు. భార్యాభర్తల వయసులు కలిపి చూసే పరిమితి ఒకటి ఉంది. వీళ్ళది అది కొంచెం దాటింది. అంతటితో వాళ్ళ సంగతి ముగిసిపోయింది.

నేను కమిటీ ముందుకు వెళ్ళాను. పిల్లల విషయాల్లో మెజిస్ట్రేట్ అధికారాలున్న కమిటీ అది. అప్పటి అధ్యక్షుడు చెడ్డవాడేమీ కాదు. నా కాగితాలు మర్యాదగానే చదివి, "మేడమ్, ఈవిడ లోకస్ ఏంటి?" అని అడిగాడు. లోకస్ అంటే ఒక విషయంలో కోర్టు ముందు నిలబడి మాట్లాడే అర్హత. పెంచిన తల్లికి అది లేదు. పిల్లకి ఏ జ్వరానికి ఏ మందు పడదో, ఏ శబ్దానికి ఉలిక్కిపడుతుందో ఆ జిల్లాలో ఒక్క ఈశ్వరమ్మకే తెలుసు. కానీ ఆమె ఆ గదిలోకి రాకూడదు. బయట బెంచీ మీదే కూర్చుంది.

పిల్ల ఇష్టం కూడా కనుక్కోవాలని రూల్స్‌లో ఉంది, కనుక్కున్నారు కూడా. ఒక కౌన్సెలర్ వచ్చి, కొత్త మమ్మీ, పాపా, అంటే అమ్మానాన్నలు, ఉంటారు, నీకొక గది ఉంటుంది, విమానం ఎక్కుతావు, వెళ్తావా అని హిందీలో అడిగింది. తొమ్మిదేళ్ళ పిల్ల తల ఊపింది. బాలిక సుముఖంగా ఉందని రాసుకున్నారు. వెళ్తే ఇక తిరిగి రావడం ఉండదన్న మాట ఎవరూ ఆమెకి చెప్పలేదు.

హైకోర్టులో రిట్ వేశాను. స్టే రాలేదు. పిల్లను పంపే తేదీ ముందే వచ్చేసింది.

ఆ రోజు నేను అక్కడ లేను. తరవాత ఈశ్వరమ్మే చెప్పింది. మీరు ఏడిస్తే పిల్ల బెంగ పెట్టుకుంటుంది, నవ్వుతూ పంపండి, అదే నీ ఇల్లని మీ నోటితోనే చెప్పండి అని కౌన్సెలర్ ఆమెకి ముందుగానే గట్టిగా చెప్పిందట. ఈశ్వరమ్మ ఆ మాట నిలబెట్టింది. జడ వేసింది, కొత్త గౌను తొడిగింది, నవ్వింది. పిల్ల కూడా ఏడవలేదు. కారు దగ్గర ఆగి, "నువ్వెప్పుడొస్తావు?" అని మాత్రం అడిగింది.

"నాను రాను తల్లీ. అదే నీ ఇల్లు" అంది ఈశ్వరమ్మ.

ఆ దంపతులను నేను తప్పు పట్టను. ఏళ్ళ తరబడి బిడ్డ కోసం ఎదురుచూసినవాళ్ళు. వాళ్ళకి కూడా ఎవరూ ఏమీ చెప్పలేదు. పిల్ల ఎవరింట్లో పెరిగిందో, ఏం తింటుందో, ఏ భాషలో కలవరిస్తుందో ఏదీ తెలియదు. హేమిన్ రొట్టెలు దిండు కింద దాచుకునేది. పక్క తడిపేది. వాళ్ళను మమ్మీ, పాపా అని పిలవలేదు. కొన్ని నెలలు చూసి తిరిగి ఇచ్చేశారు. మా భాషలో దీన్ని 'డిస్రప్షన్' అంటారు, అంటే దత్తత ఖరారు కాకుండానే తెగిపోవడం. వాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి, పిల్ల తనలో తాను ఏదో అర్థంకాని భాష మాట్లాడుకుంటోందని. అది చదివి చాలాసేపు కాగితం పక్కన పెట్టలేకపోయాను. అది తెలుగు.

తిరిగి వచ్చిన పిల్లను మా జిల్లాలోనే బాలికల హోమ్‌లో పెట్టారు. సంగతి తెలిసి ఈశ్వరమ్మ పరుగున వెళ్ళింది. ఆమె ఫోస్టర్ అనుమతి గడువు దాటిపోయిందని, ఇప్పుడామె పిల్లకి ఏమీ కాదని గేటు దగ్గరే చెప్పేశారు.

రిట్ ఇంకా నడుస్తూనే ఉంది. ఆ కొత్త సంగతులన్నీ చేర్చి మళ్ళీ వాదించాను. పెంచిన కుటుంబాన్ని పిలిచి వినాలి, బిడ్డను ఆమెకి అలవాటైన భాషలో, తెలిసిన మనిషి ఎదురుగా అడగాలి, ఆమె మాటకి విలువ ఇవ్వాలి అని. చివరికి ఆర్డర్ వచ్చింది. నేను కోరినవన్నీ అందులో ఉన్నాయి. అలాంటి ఆర్డర్ నా ప్రాక్టీసులో అంతకుముందు రాలేదు. వెంటనే సింహాచలానికి ఫోన్ చేసి చెప్పాను. ఈశ్వరమ్మ పిల్ల మంచం మళ్ళీ బిగించి, పరుపు ఎండలో వేసిందట.

విచారణ రోజున కమిటీకి కొత్త అధ్యక్షురాలు ఉంది. నెమ్మదైన మనిషి. ఈశ్వరమ్మ, సింహాచలం మాటలు ముందు విని, పిల్ల ఒత్తిడి లేకుండా చెప్పాలని వాళ్ళను బయట కూర్చోమంది. బల్లలన్నీ పక్కకి జరిపించి పిల్లను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. హేమిన్ పొడుగైంది. జుట్టు పొట్టిగా కత్తిరించేశారు.

"హేమా, నన్ను గుర్తుపట్టావా? సెక్టర్ 2లో మీ ఇంటికి వచ్చేదాన్ని" అని తెలుగులో అడిగాను. తల ఊపింది.

"అమ్మ బయట కూర్చుంది. మీ బాబు కూడా షిఫ్టు మానుకుని వచ్చాడు. నీకు ఆ ఇంటికి వెళ్ళాలని ఉందా?"

"నహీ" అంది.

అధ్యక్షురాలు హిందీలో, "భయపడకు బేటా, నిన్నెవరూ ఏమీ అనరు. ఎందుకు వద్దు?" అంది.

"వో ఫిర్ భేజ్ దేంగీ." ఆమె మళ్ళీ పంపించేస్తుందని.

"ఆమె పంపలేదమ్మా, పంపమని పెద్దవాళ్ళు చెప్పారు. నీ కోసం ఇన్నాళ్ళూ కోర్టుల చుట్టూ తిరుగుతోంది" అన్నాను.

ఆ పిల్ల నా వైపు చూసి మొదటిసారి తెలుగులో మాట్లాడింది. "నానడిగాను కదా, ఎప్పుడొస్తావని. రానంది. అదే నీ ఇల్లు అంది."

వెంటనే మళ్ళీ హిందీలోకి వెళ్ళిపోయి, "యహాఁ సే కోయీ నహీ భేజ్‌తా" అంది. ఇక్కడినుంచి ఎవరూ పంపరు.

పద్దెనిమిదేళ్ళు నిండితే అక్కడినుంచి కూడా పంపేస్తారు. ఆ గదిలో ఉన్న పెద్దవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. ఎవరమూ ఆ మాట పిల్లకి చెప్పలేదు.

కొన్ని వారాలు ఆగి ఇంకోసారి అడిగారు. అదే జవాబు. బాలిక ఇష్టప్రకారం హోమ్‌లోనే ఉంచాలని కమిటీ నిర్ణయించింది. ఆ నిర్ణయం మీద పైకి వెళ్ళడానికి నాకు దారి లేదు. బిడ్డ మాటే చెల్లాలని కోర్టులో అంతసేపు వాదించింది నేనే.

ఆ మొదటి విచారణ అవగానే నేను బయటికి వస్తే, బెంచీ మీద ఈశ్వరమ్మ నా మొహం చూసి లేచి నిలబడింది.

"ఏటంది?"

చెప్పాను. దాచి చెప్పడం నాకు చేతకాలేదు. ఆమె ఏడవలేదు. "అవునమ్మా, నానే అన్నాను కదా" అని మాత్రం అంది. సింహాచలం ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

ఆ తరవాత రాయపూర్‌లో జరిగిన ఒక సమావేశంలో ఈ కేసు పేర్లు లేకుండా చెప్పాను. రాష్ట్ర నియమాలు ఎలా మార్చాలో లాయర్లను, సంస్థలవాళ్ళను అడుగుతున్నారు. పెంచిన కుటుంబానికి మాట్లాడే హక్కు ఇవ్వండి, బిడ్డ కొత్త ఇంటికి వెళ్ళాక కూడా పాత ఇంటితో రాకపోకలు ఉండనివ్వండి, పిల్లల్ని వీడ్కోలు రోజుకి చాలా ముందునుంచే, ఒకటికి నాలుగుసార్లు అడగండి అన్నాను. మంచి సూచనలన్నారు. తరవాత కొన్ని నియమాలు కాస్త సడలాయి. వయసు పరిమితి అలాగే ఉంది. హైకోర్టు ఆర్డర్ కాపీని ఇప్పుడు నేను వేసే ప్రతి పిటిషన్‌కీ జత చేస్తాను. కొన్నిసార్లు చదువుతారు.

సింహాచలం రిటైరవడంతో వాళ్ళు క్వార్టర్ ఖాళీ చేసి, సుపేలా వైపు అద్దె ఇంట్లోకి మారారు. పోయిన ఏడాది ఈశ్వరమ్మ ఒక్కతే వచ్చింది, పిల్ల ఎలా ఉందో నాకేమైనా తెలుసా అని. బాగానే చదువుతోందని హోమ్‌లో చెప్పారన్నాను. "నెలకోసారి చూసి రావడానికి పిటిషన్ వేద్దామక్కా. కమిటీ ఇంకోసారి హేమిన్‌ని అడుగుతుంది, ఈసారి ఒప్పుకుంటుందేమో" అన్నాను.

"వద్దమ్మా, అడక్కండి" అంది. "అడిగితే అది మల్లా కాదనాల. సిన్నపిల్ల, ఎన్నిసార్లు అంటాది పాపం?"

ఆ పిటిషన్ నేను వేయలేదు. పిల్లల మాట వినాలని ఇన్నేళ్ళు వాదించాను, ఇప్పటికీ వాదిస్తున్నాను. కానీ ఆ మాట అడగడానికి ఒక సమయం ఉంటుందని, అది దాటాక అడిగితే న్యాయం చేసినట్టు మనకి అనిపిస్తుంది తప్ప బిడ్డకి ఒరిగేదేమీ ఉండదని ఈ కేసులో తెలుసుకున్నాను. హేమిన్‌ని అడగడానికి మిగిలిన ఆఖరి రోజు, ఆమె కారు దగ్గర నిలబడి 'నువ్వెప్పుడొస్తావు?' అని మనల్ని అడిగిన రోజే.