వెనక చాప మీది గురువు

కామేశ్వరి టీచరమ్మ పోయారని తెలిసిన రోజే, ఆమె గురించి నాలుగు మాటలు రాసిమ్మని తోటి శిష్యులు అడిగారు. ఇన్నాళ్లూ ఇవ్వలేకపోయాను. నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని కదా, ఆలస్యమవుతుందిలే అని వాళ్లు సరిపెట్టుకున్నారు. కానీ నా చేతిని ఆపింది అక్షరం కాదు, సిగ్గు.

అబిడ్స్‌లో బట్టల దుకాణం మీది పొడవాటి గదిలో ఆమె సంగీతం చెప్పేవారు. నేను నాంపల్లి స్టేషన్ వెనక బస్తీలో మిషన్ కుట్టుకుంటూ, గుడిలో భజనలు పాడేదాన్ని. ఒకసారి నా గొంతు విని పిలిపించుకున్నారు. స్వరాల పుస్తకం చేతికిస్తే తెరవకుండానే పక్కన పెట్టాను. ఆమెకు అర్థమైంది. "స్వరం పట్టుకున్నదానివి, అక్షరం ఎంతసేపు?" అన్నారు. మర్నాటి నుంచి పాఠానికి ముందు పలక పట్టించారు.

పాడడం వచ్చినంత మాత్రాన పాఠం చెప్పడం రాదనేవారు ఆమె. గురువు కాదలచుకున్న శిష్యులు ముందు ఏడాదిపాటు ఆమె కళ్లెదుట చిన్నపిల్లలకు చెప్పాలి. నా వంతు వచ్చేసరికి, బట్టలు కుట్టే ఆమె సంగీతమేం చెబుతుందని ఒకరిద్దరు తల్లులు గొణిగారు. పిల్లల ముందు ఒక్కసారి పలచనైతే నా పని అక్కడితో సరి. టీచరమ్మ మాత్రం కుర్చీ నాకు వదిలి, పిల్లల వెనక చాప మీద కూర్చుని వాళ్లతోపాటు పాడేవారు. అందరి ముందూ నన్ను "టీచర్‌గారూ" అనే పిలిచేవారు.

ఒకరోజు జంటస్వరాలు చెబుతున్నాను. ఒక్కో స్వరాన్ని రెండేసిసార్లు పలకాలి, రెండోదాన్ని నొక్కి పలకాలి. వెనక నుంచి ఆమె రెండింటినీ కలిపి ఒకటిగా సాగదీశారు. పిల్లలు కిసుక్కున నవ్వారు.

"ఏంది టీచరమ్మా, జంటలు పాడమంటే గట్ల సాగదీస్తున్నరు?" అన్నాను నేనూ నవ్వుతూ.

"నాకలాగే వినబడింది టీచర్‌గారూ. ఏమనుకోకుండా మరొక్కసారి పాడరూ?"

ఈసారి జాగ్రత్తగా నొక్కి పాడాను. ఆమె చక్కగా అందుకున్నారు.

ఇలా తరచూ జరిగేది. పాపం, చెవి మందగించిందనుకున్నాను. "పెద్దామెకు సక్కగ వినపడ్తలేదు, జర గట్టిగ పాడుండ్రి" అని పిల్లలకు చెప్పాను కూడా. ఆమె విన్నారు. మర్నాడు చాప కొంచెం ముందుకు జరుపుకుని కూర్చున్నారు.

చివరి రోజుల్లో నాంపల్లి దవాఖానకు వెళ్లి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి "టీచరమ్మా, నేను యాదమ్మను!" అని అరిచాను. పక్క మంచం ముసలమ్మ ఉలిక్కిపడి లేచింది. "గంతగనం మొత్తుకుంటవేందే? ఇది బస్టాండా?" అని కసిరింది. టీచరమ్మ నవ్వి నా చెయ్యి పట్టుకున్నారు. ఆ నవ్వే నాకు ఆఖరిది.

దినాలు ముగిసిన రోజు ఆమె కూతురితో, "ఆఖర్ల చెవులు చానా తగ్గినయి గదా అక్కా" అన్నాను.

"అమ్మకా? భలేవారే! నేను వంటింట్లో కూనిరాగం తీస్తే, మంచం మీంచే గాంధారం తగ్గిందే అనేది." ఆమె నా ముఖం చూసి ఆగారు. "పాఠంలో వెనక నుంచి తప్పు పాడేదా? నేను చెప్పడం నేర్చుకునేటప్పుడూ అంతేనండీ. మన తప్పు మనకు వినిపించాలి, పిల్లలకు తెలియకూడదు. అదీ అమ్మ పద్ధతి."

తప్పులు నావి, నవ్వులపాలైంది ఆమె. అంతటి విదుషీమణి నా మర్యాద కోసం పసిపిల్లల చేత నవ్వించుకున్నారు. నేనేమో ఆమెకు చెవుడని చాటాను. విద్వత్తు గలవారు ఇంకొకరు దొరుకుతారు. అలా వెనక కూర్చునేవారు నాకిక దొరకరు.

మర్నాడు పొద్దున అబిడ్స్ గది మెట్లెక్కి పాఠం మొదలుపెట్టాను. జంటల్లో రెండో స్వరం మళ్లీ నలిగింది. పిల్లలు నేను పాడినట్టే సాగదీశారు. మరొక్కసారి పాడమని వెనక నుంచి ఎవరూ అడగలేదు. తాళం ఆపాను.

"పిల్లలూ, తప్పు పాడిన. మీది కాదు, నాదే. మళ్ల పాడుత, వినుండ్రి."

వాళ్లు నవ్వారు. నవ్వనిచ్చి, మళ్లీ పాడాను.