సుడిగాలికి ఇస్త్రీ

పోయిన గురువారం నా భార్య ఆసుపత్రిలో కన్నుమూసింది. పొద్దున రెండు చెంచాల జావ తాగింది. మధ్యాహ్నం మా అమ్మాయి వచ్చి జుట్టు దువ్వింది. మూడింటికి కిటికీ తెర తీయమంది, తీశాను. "దరిద్రపు వాన," అంది. నాలుగున్నరకి ఊపిరి ఆగింది.

ఆవిడ ఇక్కడ న్యూజిలాండ్‌లో, డునెడిన్ యూనివర్సిటీ లైబ్రరీలో పాత పత్రికలు చూసుకునేది. వోర్టిసిస్టులంటే ప్రాణం. మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు లండన్‌లో లేచిన చిత్రకారుల గుంపు అది. యంత్రాల పదునుతో, సుడి తిరిగే గీతలతో బొమ్మలు వేశారు. వాళ్ళ పత్రిక రెండే సంచికలు వచ్చింది. మొదటిదానికి కళ్ళు చెదిరే గులాబీ అట్ట, లోపల గోడ పోస్టర్లలాంటి అక్షరాలు. కొన్నిటిని శపించారు, మళ్ళీ వాటిల్లో కొన్నిటిని దీవించారు. తమ దేశపు వాతావరణాన్ని కూడా వదల్లేదు.

దాంతో మా ఫ్రిజ్ మీద కూడా ఆవిడ రాసిన రెండు కాగితాలు వెలిశాయి. శాపాల్లో: ఈ ఊరి ఎత్తు రోడ్లు, ఉప్మాలో జీడిపప్పు ఏరుకునే అమ్మాయి, నా మౌనం. దీవెనల్లో: దిగేటప్పుడు అవే రోడ్లు, అమ్మాయి, నా మౌనం.

"ఏదో ఒకటి తేల్చు," అన్నాను.

"పాతికేళ్ళుగా అదే పని మీదున్నానండీ!"

ఆ గుంపులో ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళనెవరూ తలుచుకోరని ఆవిడ బాధ. ఇక్కడి మన తెలుగు సంఘం పత్రికకి వాళ్ళ మీద వ్యాసం రాసింది, అదీ వాళ్ళ పద్ధతిలోనే. ఒక మాట అరచేయంత, పక్కది చీమంత, ఒక వరుస ఏటవాలుగా. టైప్ చేసే పని నాది. సివిల్ ఇంజినీరుని కదా, అన్నీ ఒకే సైజుకి తెచ్చి, మార్జిన్లు సరిచేసి, సంపాదకుడికి ఒక కాపీ పంపి, బుధవారం గర్వంగా ఆసుపత్రికి పట్టుకెళ్ళాను.

చూసి, దగ్గొచ్చేదాకా నవ్వింది.

"సుడిగాలికి ఇస్త్రీ చేశారు కదండీ!" తర్వాత నెమ్మదిగా, "నేను అరిచిన చోటల్లా మీరు గొంతు తగ్గించేశారు. మళ్ళీ చెయ్యండి," అంది.

చేస్తానన్నాను. చూపించడానికి ఆవిడ లేదు.

నిన్న మన సంపాదకుడు ఫోన్ చేశాడు. "అంకుల్, మీరు పంపిందే నీట్‌గా ఉంది. ఈ టైంలో మీకు శ్రమెందుకు, అదే వేసేద్దాం."

"వద్దు. సోమవారం దాకా ఆగు," అన్నాను. అనుకున్నదానికన్నా గట్టిగానే వచ్చింది.

రేపు పొద్దున ఆవిడ రాతప్రతి ముందు పెట్టుకుని, ఒక్కో మాటనీ ఆవిడ కోరినంత పెద్దది చేసి, కత్తిరించి, ఆవిడ వంచినంత వంకరగానే అంటిస్తాను. స్కేలు వాడను.