ప్యానెల్‌కు జ్వరం చూసే మనిషి

చిలకలూరిపేటలో పత్తి నుంచి గింజలు వేరుచేసే మా జిన్నింగ్ మిల్లులో పనిచేసిన ఎలక్ట్రీషియన్‌ను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. కరెంటు వృథా కాకుండా పవర్ ఫ్యాక్టర్ సరిచేసే కెపాసిటర్ల ప్యానెల్‌లో ఫ్యూజులు వేడెక్కి నల్లబడినప్పుడల్లా, పసిపిల్లకు జ్వరం చూసినట్టు దాని తలుపు మీద చెయ్యి ఆనించేవాడు.

"కాస్త ఒళ్ళు వెచ్చబడింది మామ్మగారూ, అంతే" అని కొత్త ఫ్యూజు వేసి పోయేవాడు. గోడకు అవతలే పత్తి కుప్పలు. ఒక్క నిప్పురవ్వ పడితే రైతుల ఏడాది కష్టం బూడిదే.

ఒకరోజు విసుగొచ్చి నేనే వెళ్ళి ప్యానెల్ వెనక తొంగిచూశాను. గాలి ఆడే కంతలన్నీ గోనెపట్టాతో మూసి ఉన్నాయి.

"ఇదెవరి పనిరా?"

"నాదేనండి. దూది లోపలికి పోకుండా కట్టా."

"నీ మూతికి కడతాను, ఎండలో నిలబడు. చల్లగా ఉంటుందేమో చూద్దాం!"

మెయిన్ ఆపించి, గోనె పీకించి, లోపలి దూది దులిపించి, కంతలకు సన్న జాలీ కొట్టించాను. ఫ్యూజులు వేడెక్కడం మానాయి. సాయంత్రం మా అబ్బాయితో వాడు చెబుతున్నాడు: "గాలి ఆడాలని మామ్మగారికి ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నానండి!"

"అయితే ఆ జాలీకి పట్టే దూది కూడా రోజూ నువ్వే దులుపు" అన్నాను.

మిల్లు వదిలి వెళ్ళేదాకా సణుగుతూనే దులిపాడు. ఒక్కపూట మానలేదు. అందుకే వాణ్ణి కడుపునిండా తిట్టలేకపోతున్నాను.