ఇంగ్లీషే పెట్టు అన్నాను

ఇన్నేళ్లూ ఇది లోపలే పెట్టుకుని తిరిగాను. మీరు నా ముఖం చూడలేరు కాబట్టి చెబుతున్నాను. సలహా ఇచ్చినట్టే ఇచ్చి, నాకున్న ఒక్క స్నేహితురాలి గొంతు కోశాను.

2011లో సక్కు అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్ వన్‌కు చదివేది. నేనూ అదే పరీక్షకు, చిక్కడపల్లిలోని మా ఇంటి నుంచి లైబ్రరీకి వెళ్లేదాన్ని. ఇద్దరిదీ ఒకే బల్ల. ఆమెకు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేది, రాయడమే కష్టం. మా ఇంట్లో మాత్రం తెలుగు మాట్లాడితే నాన్న ముఖం చిట్లించేవాడు, మా ఇంగ్లీషు పాడవుతుందని. అందుకే ఇంట్లో అవసరమైన నాలుగు ముక్కలే మాట్లాడేదాన్ని. మిగతావన్నీ సక్కుతోనే.

ఒకరోజు కరువు మీద రాసిన జవాబు చూపించింది. ఎండిన బోర్లు, వలస పోయినవాళ్ల ఇళ్లకు తాళాలు, అందని పథకాలు, అన్నీ రెండు పేజీల్లో. నేను రాసింది గైడులోని ఇంగ్లీషు. బాగుందన్నాను. కడుపు మండిపోయింది.

దరఖాస్తు నింపడానికి నెట్ సెంటర్‌కు వెళ్లాం. మెయిన్స్ ఏ భాషలో రాస్తామో అందులోనే చెప్పాలి. తర్వాత మార్చడానికి లేదు.

"అక్కా, తెలుగే పెట్టనా?"

"ఇంగ్లీషే పెట్టు. తెలుగుల రాస్తే దిద్దేటోళ్లు చులకనగ చూస్తరు."

"నాకు గంత ఇంగ్లీష్ యాడొస్తదక్కా?"

"నేను నేర్పిస్త గద."

నేర్పించానా? వారం రోజులు. ఆ తర్వాత తలనొప్పి అన్నాను, ఇంటికి చుట్టాలొచ్చారన్నాను. నిజంగా ఆమె మంచికే చెప్పానేమో, ఆ రోజుల్లో అందరూ అలాగే అనుకునేవారు కదా, అందులో నా తప్పెంత అని ఎన్నిసార్లు నన్ను నేను అడిగి చూసుకున్నానో. కాదు. ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు.

నేను ప్రిలిమ్స్‌లోనే పోయాను. ఆమె మెయిన్స్ దాకా వెళ్లింది. తెలిసిన జవాబులకు కూడా వాక్యాలు కుదరక సగం పేపరు వదిలేసి బయటికొచ్చింది. గది ఖాళీ చేసి ఊరెళ్లిపోయింది. లైబ్రరీకి వెళ్లడం నేనూ మానేశాను. పక్కన ఖాళీ కుర్చీ చూస్తూ చదవలేకపోయాను.

2014లో ఫోన్ చేసింది. పెళ్లయింది, కూతురికి అప్పుడప్పుడే మాటలొస్తున్నాయి.

"ఇంట్ల లంబాడీ మాట్లాడనిస్తలేనక్కా. మా అత్తమ్మకు అదొక్కటే వస్తది, పిల్ల ముందర మాట్లాడకని చెప్పిన. ఇంగ్లీష్ రాక నేను ఆగమైన. ఇది గట్ల కావద్దు."

అప్పుడైనా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. "మంచి పని చేసినవ్" అన్నాను.

సక్కు ఆగమైంది ఇంగ్లీషు రాక కాదు, నా వల్ల. ఈ ఒక్క వాక్యం రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. కానీ చెప్పింది మీకు, ఆమెకు కాదు. ఆ ఇంట్లో మనవరాలి ముందు ఆ ముసలావిడ నోరు మూసుకునే ఉంటుంది.