ఎనభై దాటితే వణికే స్టీరింగు: రామన్నపేట నుంచి చౌటుప్పల్ దాకా

మా బాపు అంజయ్య ఇరవై ఆరేండ్ల సంది డ్రైవరు. రామన్నపేట పక్కన మా ఊర్లె ఎవరికి కిరాయికి కారు కావాలన్నా ముందు ఆయనకే ఫోన్ చేస్తరు. పోయిన నెల పాత టైర్లు అరిగిపోతే చౌటుప్పల్ పోయి నాలుగూ కొత్తవి వేయించుకొచ్చిండు. ఆ తర్వాత వారానికి ఒక కుటుంబాన్ని ఎక్కించుకొని దేవరకొండ, కల్వకుర్తి మీదుగా మహబూబ్‌నగర్ పోయి వచ్చిండు. వచ్చిన తెల్లారే నన్ను పక్కకు పిలిచి, కారు అమ్ముతున్న అన్నడు. ఎందుకని అడిగితే రెండు చేతులు ముందుకు చాపి చూపిచ్చిండు. "స్టీరింగ్ మీద వణుకుతున్నయ్ శీనూ. ఎంత గట్టిగ పట్టినా ఆగుతలేవు. మీ తాతకు గూడ ఈ వయసులనే సురువైంది. జనాన్ని ఎక్కించుకొని ఈ చేతులతోని నడపొద్దు." మోత్కూర్ల ఒకాయన శుక్రవారం వచ్చి బండి చూస్తనన్నడట. అమ్మకు ఇంకా చెప్పలేదట.

బుధవారం నేనే బండి తీసి చిట్యాల దాకా పోయి చూసిన. హైవే మీద ఎనభై దాటంగనే స్టీరింగు నా చేతులల్ల గూడ వణికింది. ఉరికొచ్చి బాపుకు చెప్పిన. ఆయన నా దిక్కు చూసి మెల్లగ నవ్వి, "నా మనసు నొచ్చుకుంటదని చెప్తున్నవ్ లే" అన్నడు. గ్రామసభల లెక్కలు తప్పని అందరి ముంగట లేచి మాట్లాడినోన్ని, సొంత చుట్టాల పెండ్లిల కట్నం ముచ్చట తీసి అన్నం తినకుంట వచ్చినోన్ని, నన్ను పట్టుకొని అబద్ధం చెప్తున్నవంటే నాకు మంట లేసింది. బాపు మీద కాదు, ఆ టైర్ల దుకాణం మీద. నాసిరకం టైర్లు అంటగట్టి ఒక మనిషిని తన చేతుల్నే నమ్మకుంట చేసిండ్రు గదా. వినియోగదారుల హక్కుల మీద నా దగ్గర ముప్పై రెండు పేజీల చిన్న పుస్తకం ఉన్నది, నాలుగుసార్లు చదివిన. దాన్ని అంగీ జేబుల పెట్టుకొని, గురువారం పొద్దున ఏడింటికి బాపును బండి ఎక్కిచ్చిన. నడుపుమంటే స్టీరింగు ముట్టలేదు. ఇన్నేండ్లల్ల ఆయన తన కారుల పక్క సీట్ల కూసున్నది నేను చూడలేదు. బెల్టు ఎక్కడున్నదో వెతుక్కున్నడు.

మీరు గూడ కొత్త టైర్లు వేయించుకొని ఇట్ల తిప్పలు పడుతుంటే, మేం చేసినట్టే చేయండి. రామన్నపేట పెట్రోలు బంకుల గాలి ఉత్తగనే కొడ్తరు, ముందు అక్కడ ఆగినం. మా కారుకు మీటరు మీద ముప్పై మూడు ఉండాలె. నాలుగు టైర్లల్ల నలభై ఉన్నది. టైరు రిమ్ము మీద సరిగ్గ కూసోవాలని దుకాణంల ఎక్కువ కొడ్తరు, దించుడు మర్చిపోతరు. నేను పుస్తకం అట్ట మీద "తప్పు ఒకటి: గాలి" అని రాసుకున్న. బాపు చూసి, "గాలి కొట్టినోని మీద గూడ కేసు పెడ్తవా" అన్నడు. గాలి సరిచేసుకొని చిట్యాల తొవ్వ పట్టినం. యాభై, అరవై మీద ఏ తేడా లేదు.

చిట్యాలల హైవే ఎక్కే ముందు చాయ తాగినం. అక్కడ ఎల్లమ్మక్క నడిపే చిన్న హోటలున్నది. పొద్దున ఆరింటి నుంచే ఇడ్లీ, మిర్చీ బజ్జీ ఉంటయ్, చాయ పదిహేను రూపాయలు. కిరాయికి పోయేటప్పుడల్లా బాపు ఆగేది అక్కడనే. బాపు పక్క డోర్ల నుంచి దిగంగనే ఆమె చాయ జాలి పట్టుకొని చూసుకుంట నిలబడ్డది.

"ఏందన్నా, కొడుకు డ్రైవరైండు, నువ్వు సేటువైనవా?"

"వాడు నేర్చుకుంటాండు చెల్లె."

"ఈయనకు ఎవరు నేర్పుతరు? రోడ్డు మీద గూడ నిలబడి ఉపన్యాసం చెప్తడు."

బాపు చాయ గిలాసను రెండు చేతులతోని పట్టుకొని తాగిండు. ఎల్లమ్మక్క అది చూసింది. పైసలు తీసుకునేటప్పుడు నన్ను మాత్రం, "మీ బాపు పానం మంచిగున్నదా బిడ్డా?" అని అడిగింది. బండే మంచిగ లేదక్కా అని చెప్పిన. నా మాట ఆమె గూడ నమ్మినట్టు లేదు.

చిట్యాల నుంచి చౌటుప్పల్ ఇరవై అయిదు కిలోమీటర్ల లోపే, కానీ పరీక్షకు అంతకంటె మంచి రోడ్డు దొరకదు. సూటిగ ఉంటది, పొద్దున ఎనిమిదింటికి లారీలు తక్కువ. డెబ్బై మీద నున్నగ పోయింది. ఎనభై దాటంగనే మొదలైంది, తొంభైల బాగ ఎక్కువైంది, వంద దగ్గర జర తగ్గింది. ఇదే అసలు గుర్తు. ఒక్క వేగం దగ్గరనే వణికి, అది దాటితే తగ్గితే చక్రాల బరువు సమానంగ లేనట్టు. వణుకు స్టీరింగుల తెలిస్తే ముందటి చక్రాలు, సీటు కింద తెలిస్తే వెనకటివి. బ్రేకు తొక్కినప్పుడే వణికితే చక్రాల సంగతి కాదు, బ్రేకులు చూపించుకోవాలె. నేను ఖాళీ జాగ చూసి రెండుసార్లు బ్రేకు తొక్కిన, ఏం తేడా రాలేదు. మాది స్టీరింగుల, అంటే ముందటి చక్రాలు.

"బాపూ, ఒక్కసారి చెయ్యి పెట్టి చూడు. పక్క నుంచే పెట్టు."

ఆయన కిటికీల నుంచి బయటకు చూసుకుంట, "రోడ్డు చూసి నడుపు" అన్నడు. రెండు అరచేతులు తొడల కింద పెట్టుకొని కూసున్నడు. నాకైతే ఆ చేతులు చూసినకొద్దీ దుకాణంల అనాల్సిన మాటలు ఇంకా ఇంకా పెరిగినయ్.

దుకాణం సర్వీసు రోడ్డు మీద, ఫ్యాక్టరీ బస్సులు ఆగే జాగకు దగ్గర్లనే. తొమ్మిదింటికి తెరుస్తరు, పదిన్నర దాటితే మందుల ఫ్యాక్టరీల బండ్లు వరుస కడ్తయ్, తొందరగ పోవాలె. దుకాణందారు ఖలీల్ భాయ్‌కి యాభై దాటినయ్, బాపుకు పాత దోస్తు. ఆయన సలాం చెప్పకముందే నేను మొదలుపెట్టిన. నాసిరకం సరుకన్న, నాలుగు టైర్లు వాపస్ తీసుకోవాలన్న, లేకుంటే జిల్లా ఫోరంకు పోత అన్న. పుస్తకం తీసి పేజీ గూడ చూపిచ్చిన. ఆయన అద్దాలు పెట్టుకొని ఆ పేజీ నిజంగనే చదివిండు.

"మంచిగ రాసిండ్రు తమ్మీ. ఒక్క మాట చెప్పు. టైర్లు వేసి పంపిన రోజు ఇంటిదాకా వణికిందా?"

నాకు తెలువదు. బాపే చెప్పిండు. "లేదు ఖలీల్ భాయ్. ఆ రోజు తొంభై మీద పోయిన. మంచిగనే ఉండె."

"మరి వారానికి టైరుకు కోపమొచ్చిందా?"

జాకీ పెట్టి ముందటి ఎడమ చక్రం విప్పిండు. చక్రాన్ని బ్యాలెన్సింగ్ మిషన్‌కు ఎక్కియ్యబోయి ఆగి, రిమ్ము అంచును బొటనవేలితోని తుడిచిండు. అక్కడ వేలెడంత జాగల గీతలు పడి ఉన్నయ్, స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలించినట్టు. కుడి చక్రం విప్పితే దానికీ అట్లనే ఉన్నయ్.

"బరువు సమానం చేసేతందుకు ఇక్కడ సీసం ముక్కలు కొట్టిన గదా. యాడికి పోయినయ్?"

నాకప్పుడు యాదికొచ్చింది. టైర్లు వేయించిన నాలుగో రోజు నేనే కారు కడిగిన. మా చిన్నాయిన అదే వాకిట్ల కూసొని విసురు వల బాగుచేస్తున్నడు. చెరువుల చేపలు మస్తుగున్నయట, వల అంచుకు నాలుగైదు సీసం గుండ్లు ఊడిపోయినయట. గుండ్లు లేకుంటే వల మునుగది. అప్పుడే రిమ్ము అంచుకు కొట్టిన సీసం ముక్కలు నా కంటపడ్డయ్. బిల్లుల "బ్యాలెన్సింగు" అని ఒక వరుస ఉన్నది గుర్తొచ్చింది. ఫ్యాక్టరీల గుండ్రంగ చేసిన కొత్త టైరుకు సీసం ఎందుకు, బిల్లు పెంచుడు కోసం తగిలిచ్చిండ్రు అనుకున్న. ముందటి రెండు చక్రాలవి పెకిలించి చిన్నాయిన చేతుల పెట్టిన. వ్యాపారం దోచుకున్నది కష్టజీవికి చేరాలని ఆయనకు పది నిమిషాలు చెప్పిన గూడ. పాపం, విన్నడు. వెనకటి చక్రాల జోలికి పోయేలోపల, సరిపోయినయ్ తియ్యి అన్నడు.

ఊకున్నా ఎవరికీ తెలిసేది కాదు. ఖలీల్ భాయ్, ఎవరో దొంగలు పీకిండ్రేమో అని తనే సాకు గూడ ఇచ్చిండు. బాపు అప్పటికీ మిషన్ పక్కన చేతులు వెనక్కి కట్టుకొని నిలబడి ఉన్నడు. ఆ చేతులు చూసి చెప్పేసిన. నేనే పీకిన, చిన్నాయిన వలకు ఇచ్చిన, టైర్లది గానీ దుకాణంది గానీ తప్పు లేదు అన్న. టైర్లు మోసే ఇద్దరు పని ఆపి విన్నరు.

ఖలీల్ భాయ్ నన్ను చూసి, "చేపలు పడ్డయా?" అన్నడు.

"రెండు కిలోల బొచ్చె పడ్డది."

"మాకు తల గూడ పంపలే గదా అంజన్నా, నీ కొడుకు ఏం సమానత్వం చెప్తడు?"

అందరూ నవ్విండ్రు. బాపు నవ్వలేదు. మిషన్ దిక్కే చూసుకుంట, "భాయ్, అది తిప్పి చూపియ్యి" అన్నడు. చక్రం గిర్రున తిరిగి ఆగింది. తెర మీద ముప్పై అయిదు గ్రాములు తక్కువని వచ్చింది. రెండోది ఇరవై అయిదు. బాపు అంకెలను దగ్గరికి పోయి చదివిండు. "గింత సీసానికి గంత వణుకుతదా?" అని మెల్లగ అడిగిండు. నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతదో ఖలీల్ భాయ్ చెప్పుకుంట, సుత్తె కోసం వంగుతూ కొత్త సీసం ముక్కను బాపు చేతుల పెట్టిండు. "అన్నా, జర పట్టుకో." బాపు అరచెయ్యి చాపి దాన్ని పట్టుకొని నిలబడ్డడు. ఆ చెయ్యి కదలలేదు. ఆయనా చూసిండు, నేనూ చూసిన.

రెండు చక్రాలకు కలిపి మూడు వందలు, నలభై నిమిషాల పని. మల్ల తిప్పితే తెర మీద సున్న వచ్చింది. నేను మాఫీ అడిగితే ఖలీల్ భాయ్ నా పుస్తకం వాపస్ ఇచ్చుకుంట అట్ట మీద రాసింది చదివి, గాలి సంగతి మాత్రం మా తప్పే అని ఒప్పుకున్నడు. బాపు నా ముందట చెయ్యి చాపిండు, తాళం కోసం.

చౌటుప్పల్ దాటినంక ఎనభై, తొంభై, తొంభై అయిదు. స్టీరింగు గోడల దిగ్గొట్టినట్టు నిలబడ్డది. తొంభై అయిదు మీద బాపు ఒక చెయ్యి తీసిండు, మల్ల పెట్టి రెండోది తీసిండు. అంతల ఒక పాల వ్యాను ఇండికేటరు వెయ్యకుంట మా ముందటికి వచ్చింది. బాపు కిటికీ దించి, వాని లైసెన్సు ఏ సంతల కొన్నడో, వానికి బండి అప్పజెప్పిన ఓనరుకు ఏం తెలివున్నదో, చిట్యాల వచ్చేదాకా ఆపకుంట అడిగిండు. నేను అద్దం దిక్కు తిరిగి కూసున్న, నా మొఖం ఆయనకు కనపడొద్దని. చిట్యాలల బండి పక్కకు ఆపి మోత్కూరాయనకు ఫోన్ చేసిండు. "అన్నా, రేపు రాకు. బండి మేమే ఉంచుకుంటున్నం" అని పెట్టేసిండు.

నేను అందరి తప్పులు పట్టుకునేటోన్ని అనుకుంట తిరిగిన. ఇంట్ల మనిషి ఇన్ని రోజులు తన చేతులనే అనుమానించుకుంట తిరిగితే, ఆ అనుమానం పుట్టిచ్చింది నేనే. నా చేతులల్ల గూడ వణికిందని నిజం చెప్పిన రోజు బాపు నన్ను నమ్మలేదు, ప్రేమతోని అబద్ధం చెప్తున్న అనుకున్నడు. కోపమొచ్చింది గానీ, ఇప్పుడు తలుచుకుంటే నా గురించి ఎవరూ అంత మంచి మాట అనుకొని ఉండరు. మీకు చెప్పేది ఒక్కటే. కొత్త టైర్లు వేయించుకున్న రోజే ప్రతి రిమ్ముకు సీసం ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నయో ఫోన్ల ఫోటో తీసి పెట్టుకోండి, బండి వణికిన రోజు ఆ ఫోటో ముందటేసుకొని చూడండి. చూసేటప్పుడు రోజూ ఆ బండి నడిపే మనిషిని పక్కన నిలబెట్టుకోండి.