మల్లయ్య కేస్ షీట్ మీది మాట

ఏదో మంత్రం లాంటి మాట చెప్పి మల్లయ్యకు పట్టిన తోడేలును నేను వదిలించానని మెదక్ బస్టాండులో ఇప్పటికీ చెప్పుకుంటారట. శుద్ధ అబద్ధం. ఆయనకు నయం చేసినవి పూటపూటా మింగిన గోళీలు. నేను చేసింది ఆయన బామ్మర్దితో పోట్లాడటం, అంతే.

కరోనా తగ్గిన ఏడాది అది. నేను స్టాఫ్ నర్సుగా ఉన్న దవాఖానకు అల్లాదుర్గ్ వైపు నుంచి మల్లయ్య అనే గొర్రెల కాపరిని తీసుకొచ్చారు. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే మందలోని గొర్రెపిల్లల్ని తోడేలు ఎత్తుకుపోయింది. ఆ తోడేలు తానేనని అప్పటి నుంచి ఆయన నమ్మకం. చేతులు దుప్పట్లో దాచుకునేవాడు. మనవరాలిని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. దీన్ని డెల్యూజన్ అంటాం, ఎంత రుజువు చూపినా కదలని నమ్మకం. అలాంటి పేషెంటుతో వాదించకూడదన్నది మాకు మొదటి పాఠం. ఊరందరితో వాదించే నేను ఆయన దగ్గర మాత్రం నోరు కట్టేసుకున్నాను.

డాక్టరు కేస్ షీట్ మీద ‘లైకాన్‌త్రొపీ’ అని రాసి మందు మొదలుపెట్టారు. మూడో రోజు బామ్మర్ది సాయిలు ఆ మాటను ఫొటో తీసి ఫోన్లో వెతికాడు. కోరలూ ఒళ్లంతా వెంట్రుకలూ ఉన్న బొమ్మ వచ్చింది, కింద ‘వేర్‌వుల్ఫ్’, అంటే తోడేలుగా మారిన మనిషి, అని. అది ఊరి వాట్సాప్ గ్రూపంతా తిరిగింది. మర్నాడు పొద్దున్నే సాయిలు వార్డులో నా టేబుల్ ముందుకొచ్చి డిశ్చార్జి చేయమన్నాడు.

“మా బావ తోడేలైండని డాక్టరే రాసిండు గద మేడం! ఇంక గీడెందుకు? భూతవైద్యుని కాడికి తీస్కపోతం. ఊర్ల పిల్లగాండ్లున్నరు.”

మల్లయ్య భార్య లచ్చవ్వ అప్పటికే సంచి సర్దుకుని కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఫోన్ల బొమ్మ సూసి డాక్టరువైనవా సాయిలూ?” అన్నాను. “గది గ్రీకు మాట. లైకోస్ అంటె తోడేలు, ఆంత్రోపోస్ అంటె మనిషి. నేను తోడేలునైన అని మనిషి అనుకునే బీమారి పేరది.”

“మరి బొమ్మ కింద వేర్‌వుల్ఫ్ అని ఉన్నది?”

“పాత ఇంగ్లీషుల ‘వేర్’ అంటె గూడ మనిషే. నిన్ననే డిక్షనరీల సూసిన. పేరు వెట్టినోళ్లు గూడ మనిషిని ఇడ్సిపెట్టలే. నువ్వే ఇడుస్తున్నవ్.”

మల్లయ్య మంచం మీంచి అడిగాడు. “సిస్టరమ్మా, గది ఎంత పాత మాట?”

“వెయ్యేండ్ల కంటె పాతది మల్లన్నా.”

“అంటె నా కంటె ముంగట గూడ ఎవలకో అయిందన్నట్టు.”

“శానమందికి అయింది. గందుకే పేరున్నది.”

మల్లయ్య దుప్పట్లోంచి చేతులు బయటికి తీశాడు. “గట్లైతె ఉంట.”

లచ్చవ్వ సంచి మంచం కింద పెట్టేసింది.

“మీతోని గెలుసుడు కష్టం మేడం,” అన్నాడు సాయిలు.

“గెలువకు. పోయి మీ బావకు చాయ్ తే.”

కొన్ని నెలలకు రివ్యూకి, అంటే మందు ఎలా పనిచేస్తోందో చూపించుకోవడానికి, మల్లయ్య మళ్లీ వచ్చాడు. ఇప్పుడు మందను మళ్లీ తోలుతున్నాడట. భుజం మీద గొంగడి, దాని మీద మనవరాలు నిద్రపోతోంది. ఆ కేసు తర్వాత షీట్ మీద పెద్ద మాట కనిపిస్తే ఫోను చెప్పకముందే ఇంటివాళ్లకు నేనే విడమరచి చెప్తున్నాను. పని ఆలస్యమవుతోందని విసుక్కునేవాళ్లుంటే విసుక్కోనీ.

వెళ్లేముందు మల్లయ్య ఒకటి అడిగాడు.

“గీ మాట పుట్టకముందు, మొట్టమొదలు గీ బీమారి వచ్చినాయనకు నువ్వు మనిషివే అని ఎవలు జెప్పిండ్రు సిస్టరమ్మా?”