అంబదాస్ చెత్త సంచి

మా మేడ మీద అద్దెకుండే అంబదాస్ చేతిలో చెత్త సంచి లేకుండా ఊరు దాటడు. పెళ్లికి పోయినా సంచే, పరామర్శకు పోయినా సంచే. ఎవరైనా శుభలేఖ ఇస్తే ముహూర్తం ఎప్పుడో చూడడు. "మీ గల్లీకి చెత్తబండి ఎన్ని గంటలకు వస్తదన్నా?" అని అడుగుతాడు. వచ్చిన జవాబును బట్టి ఆ పెళ్లికి పోవాలో వద్దో తేల్చుకుంటాడు.

ముప్పై ఏళ్ల మనిషి. బక్కగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉంటాడు. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ల్యాబ్ చూసుకుంటాడు. ఏ సీసా ఎక్కడ తీస్తే అక్కడే పెట్టాలన్నది అక్కడి నియమం. దాన్ని ఇంటిదాకా తెచ్చుకున్నాడు. లోకంలో ప్రతి వస్తువుకూ ఒక చోటుంటుందనీ, చెత్తకు ఆ చోటు చెత్తబండి తప్ప మరొకటి కాదనీ అతని నమ్మకం.

ఇందులో నా పాపమూ కొంత ఉంది. బస్టాండు దగ్గర నాకు మందుల షాపు ఉంది. అతని భార్య నవనీతకు కవల ఆడపిల్లలు పుట్టినప్పుడు డైపర్లు అమ్మింది నేనే. ఇద్దరికీ కలిపి రోజుకు పన్నెండు. రోజూ పొద్దున చెత్త ట్రాక్టరు వచ్చినన్నాళ్లూ ఆ పన్నెండు ఎటు పోతున్నాయో ఎవరికీ పట్టలేదు.

అప్పుడు మా ఊరు మున్సిపాలిటీ అయింది. ఊరి పేరు చెప్పను, లక్సెట్టిపేటకు దగ్గర్లో ఉందనుకోండి. చుట్టుపక్కల కాలనీలన్నీ ఊళ్లో కలిశాయి గాని ట్రాక్టర్లు మాత్రం పాత రెండే. రోజూ వచ్చే బండి రోజు విడిచి రోజైంది. తర్వాత బుధవారం బుధవారం అయింది. ఒక బుధవారం అది చెడిపోయిందంటే మళ్లీ బుధవారం దాకా ఎవరి చెత్త వాళ్లింట్లోనే.

"వారానికి ఎనభై నాలుగు," అన్నాడు అంబదాస్, మెట్ల మీద కూర్చుని. "ఎనభై నాలుగు డైపర్లు ఇంట్ల పెట్టుకొని అన్నం ఎట్ల తినాలన్నా?"

బాల్కనీలో పెట్టాడు. నాలుగో రోజు కోతులు వచ్చాయి. సంచి చింపి, ఉన్నవన్నీ గల్లీలో పంచిపెట్టాయి. ఒక ముసలి కోతి ఒకదాన్ని తలకు తొడుక్కుని మా ప్రహరీ గోడ మీద అరగంట కూర్చుంది. దారిన పోయేవాళ్లు ఫొటోలు తీసుకున్నారు. నవనీత పై నుంచి చూసి, "మీడియం సైజు దానికి మంచిగనే పట్టింది," అని లోపలికి వెళ్లిపోయింది.

మిగతా గల్లీ వాళ్లు చివరనున్న ఖాళీ ప్లాటులో పడేయడం మొదలుపెట్టారు. నేనూ అదే చెప్పాను.

"ఆ ప్లాటు ఎవలదన్నా?"

"ఎవలదో. ఓనరు దుబాయిల ఉంటడంట."

"ఆయన రేపొస్తడు. ఇల్లు కడ్తడు. పునాది తవ్వితె నా బిడ్డల డైపర్లు ఎల్తయ్. గప్పటికి వాళ్లు పెండ్లీడు కొచ్చి ఉంటరు. ఇజ్జత్ పోదా?"

నేను మళ్లీ ఆ ప్లాటు మాట ఎత్తలేదు.

ఒకరోజు కాలేజీ పని మీద మంచిర్యాల వెళ్లాడు. అక్కడ ఒక వీధిలో చెత్త ఆటో వస్తూ కనబడింది. డ్రైవర్‌ను ఆపి, రోజూ వస్తారా అని అడిగాడు. రోజూ వస్తామన్నాడతను. వేరే ఊరిది వేయవచ్చా అన్నాడు. "చెత్తకు ఊరేందన్నా, ఎయ్యి," అన్నాడు డ్రైవర్. సాయంత్రం అంబదాస్ ఈ మాట నాకు చెబుతున్నప్పుడు అతని ముఖం చూస్తే, కవలలు పుట్టిన రోజు కూడా అంత వెలగలేదనిపించింది.

ఆ మర్నాటి నుంచి సంచి ప్రయాణాలు మొదలయ్యాయి. బట్టల దుకాణం వాళ్లిచ్చిన పెద్ద సంచీ, దాని మూతికి గట్టి ముడి, లోపల రెండు కర్పూరం బిళ్లలు. బస్సులో కండక్టరు సంచిలో ఏముందని అడిగితే, "పిల్లల సామాన్," అనేవాడు. అందులో అబద్ధం లేదు.

ఏ ఊళ్లో ఏ వీధికి బండి ఎప్పుడొస్తుందో అతనికి నోటికొచ్చింది. దాన్నిబట్టి చుట్టరికాలు బలపడ్డాయి. హుస్నాబాద్‌లో నవనీతకు దూరపు మేనమామ ఒకాయన పోతే, పదకొండో రోజుకు ఇంత దూరం నుంచి ఇతనొక్కడే వెళ్లాడు. పోయినాయన కొడుకు అతన్ని కావలించుకుని, "దగ్గరోళ్లే రాలే. నువ్వు గింత దూరంకెల్లి వచ్చినవ్," అని కండ్లనీళ్లు పెట్టుకున్నాడట. అంబదాస్ అతని వీపు నిమిరి, "అన్నా, మీ దిక్కు బండి వచ్చిపోయిందా?" అని అడిగాడు.

ఇక ధర్మపురి సంగతి. అక్కడ అంబదాస్‌కు మేనత్త ఉంది. పేరు లింగవ్వ. డెబ్బై దాటింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. గుడి దారిలో కొబ్బరికాయలు అమ్ముకుంటూ ఒక గదిలో ఉంటుంది. చుట్టాలెవరూ ఆ గడప తొక్కరు. ఆమె చెడ్డది కాదు. ఎవరి దగ్గరా ఏదీ తీసుకోదు, అంతే. ఒకాయన యాపిల్ పండ్లు తెస్తే, "నేనేమన్న దవాఖానల పడ్డనా?" అని పండ్లతో సహా తిప్పి పంపింది. ఇంకొకావిడ చలికాలం దుప్పటి తెస్తే, దాని మీద తనదొకటి పెట్టి ఇచ్చి బస్సెక్కించింది. ఊరికే చూసిపోదామని వెళ్తే, "ఏం పని మీదొచ్చినవ్?" అంటుంది. పనేమీ లేదంటే, "ఉన్ననా పోయిన్నా అని చూసిపోను వచ్చినవా?" అంటుంది. ఆ తర్వాత ఎవరు కూర్చోగలరు?

అంబదాస్ ఒక ఆదివారం పొద్దున సంచితో దిగాడు.

"ఏం పని మీదొచ్చినవ్‌రా?"

"చెత్త పడేద్దామని వచ్చిన అత్తా. మా ఊళ్లె బండి వస్తలేదు. మీ దిక్కు ఐతారం సుత వస్తదంట కదా."

లింగవ్వ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె ఇంటికి నిజంగా పని పడ్డ మనిషి వచ్చాడు. "ఇటు తే," అని చేయి చాపింది.

అంతే, ఆదివారాలన్నీ ధర్మపురికి రాసిచ్చేశాడు. చెత్తబండి మీద వచ్చే రామవ్వతో లింగవ్వే మాట్లాడింది. "మా అల్లునిది. వాళ్ల ఊళ్లె అడిగేటోడు లేడు, పాపం," అని వీధంతా వినేట్టు చెప్పింది. సంచి ఆమె విప్పాలి, తడి పొడి ఆమె వేరు చేయాలి, తిట్టడమూ ఆమే.

"గిన్ని డైపర్లేందిరా? పసిపోరలను ప్లాస్టిక్‌ల కట్టేస్తున్నరా?"

పై వారానికి పాత నూలు చీరలు చింపి, అంచులు కుట్టి, అరవై పొత్తిగుడ్డలు చేతిలో పెట్టింది. ఆ పై వారం పాత డ్రమ్ములో మన్ను పోసి కూరగాయల తొక్కలు ఎట్లా వేయాలో చెప్పింది. రెండు నెలలు తిరిగేసరికి ఎనభై నాలుగు డైపర్లు ఏడయ్యాయి. మందుల షాపు యజమానిగా ఆ ముసలామె మీద నాకు మంచి అభిప్రాయం కలగలేదు.

బండి వచ్చేలోగా అంబదాస్ ఊరుకునేవాడు కాదు. సిలిండరు మార్చేవాడు, కారే కుళాయి బిగించేవాడు, బీపీ గోలీలు లెక్క చూసేవాడు. ఇతరులెవరైనా వాటి జోలికి వెళ్తే చేయి విరగ్గొట్టే మనిషి, ఇతన్ని చేయనిచ్చింది. పక్కింటి వాళ్లు అడిగితే, "ఉత్తగ చేయించుకుంటున్ననా? వాని చెత్త నేను చూస్తలేనా?" అంది.

ఇలా ఉండగా మా మున్సిపాలిటీకి కొత్త బండ్లు వచ్చాయి. రోజూ పొద్దున ఏడింటికి మైకులో పాట పెట్టుకుని గల్లీలోకి రాసాగాయి. ఇక సంచికి సెలవే అనుకున్నాను. ఆ ఆదివారం ఎనిమిదింటికి అంబదాస్ మా తలుపు కొట్టాడు.

"అన్నా, మీ ఇంట్ల చెత్త ఏమన్న ఉన్నదా?"

"నీదేమైంది?"

"నవనీత పొద్దుగాలనే బండిల ఏసింది."

"ఏస్తె మంచిదే కద. మరి నాదెందుకు?"

"ధర్మపురి తీస్కపోవాలె."

మా ఇంటామె వంటింట్లో నుంచి తొంగి చూసింది. అంబదాస్ ఆమె వైపు తిరిగి మర్యాదగా, "జర వాసన వచ్చేదుంటె మంచిది వదినె. మరీ ఎక్కువద్దు, బస్సుల పోవాలె," అన్నాడు.

అతను వెళ్లాక మా ఇంటామె, "ల్యాబుల ఆసిడ్ల వాసనకు గిట్లయితదా?" అని అడిగింది. అవుతుందేమోనన్నాను. తర్వాత ప్రతి ఆదివారం ఇదే తంతు. మా ఇంట్లో లేకపోతే ఎదురింటికి వెళ్లేవాడు. ఎదురింటి సుధాకర్ వాళ్లు మొదట తలుపు వేసుకున్నారు. తర్వాత వాళ్లే ఒక సంచి కట్టి గేటుకు తగిలించడం అలవాటు చేసుకున్నారు.

అసలు సంగతి ఒకరోజు షాపులో బయటపడింది. కంటి చుక్కల మందు కావాలని వచ్చాడు.

"ఎవలికి?"

"అత్తకు. కరీంనగర్‌ల ఆపరేషన్ చేయిస్తున్న. శుక్లాలు."

"ఆమె ఒప్పుకున్నదా?"

"ఏడాదికెల్లి ఒప్పుకోలే. మొన్న తడి చెత్త పొడిదాంట్ల కలిపిందని రామవ్వ గట్టిగ మాట్లాడింది. గప్పుడు నేనన్న, అత్తా, నీకు కండ్లు కనవడకపోతె నా చెత్త ఎవలు చూస్తరు, నేను వేరే ఊరు చూసుకుంటా అని. రెండు దినాలు ఆలోచన చేసింది. మూడోనాడు ఫోన్ చేసి, ఎన్నడు పోదాం అన్నది." అంటూ జేబులోంచి డబ్బులు తీశాడు. "ఆపరేషన్ అయినంక వారం రోజులు మా ఇంట్ల ఉంటది. ఫికర్ గదే. మా గల్లీకి బండి రోజూ వస్తదని తెలుస్తది."

"తెలిస్తె ఏమైతది?"

"నాకు ఆమెతోని పనిలేదని తెలుస్తది. ఇగ రానియ్యది. ఉత్తగ పోయినోళ్లను రానిచ్చిందా ఎన్నడన్న?"

నేను చుక్కల మందు ఇచ్చి, ఎలా వేయాలో రెండుసార్లు చెప్పాను.

అంబదాస్ వెళ్లి బండి డ్రైవర్ వెంకటిని బతిమాలాడు. వారం రోజులు మా గల్లీలో మైకు బంద్. పాట వినబడకపోయేసరికి బండి ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో ఒక్క ఇంటికీ తెలియలేదు. చెత్తబండి కోసం జిల్లాలు తిరిగిన మనిషి, గల్లీ మొత్తానికి చెత్తబండి లేకుండా చేశాడు. మూడో రోజుకు గేట్ల ముందు సంచులు వరుస కట్టాయి. నాలుగో రోజుకు కోతులు కూడా వచ్చాయి. ఆడవాళ్లు కొట్లాటకు మెట్లెక్కారు. నవనీత వాళ్లను మెట్ల మీదే ఆపి సంగతి చెప్పింది. వాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

పైన మంచం మీద లింగవ్వ నల్లద్దాలు పెట్టుకుని, గాలి పీల్చి, "పాపం రా, మీ ఊరు గింత కంపు కొడ్తదనుకోలే. నువ్వు నా దగ్గరికి వచ్చుడే నయమైంది," అన్నదట.

ఆమె ధర్మపురికి తిరిగి వెళ్లిన తర్వాతి ఆదివారం, నేనూ చూద్దామని అంబదాస్‌ను నా మోటారు సైకిలు మీద ఎక్కించుకున్నాను. రాయపట్నం వంతెన దాటి వెళ్లేసరికి ఎనిమిదిన్నర. లింగవ్వ నల్లద్దాలు తీసేసి గుమ్మంలో కూర్చుని ఉంది. మనిషిలో హుషారు కనబడింది. నాకు ఛాయ్ ఇచ్చి, సంచి ముందేసుకుని ముడి విప్పింది. పాల కవర్లు ఒకవైపు, ఉల్లిపొట్టు ఒకవైపు. ఆ సంచి మా ఇంటిది.

ఒక చిన్న ప్యాకెట్ దగ్గర ఆమె చేయి ఆగింది. దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది.

"గిది జుట్టుకేసే రంగు గదా?"

ఆమె అంబదాస్ తల వైపు చూసింది. ఒక్క తెల్ల వెంట్రుక లేదు, రంగు అవసరమే లేని నల్లటి జుట్టు. తర్వాత మెల్లగా నా తల వైపు తిరిగింది. ఆ ఆపరేషన్ ఎంత బాగా జరిగిందో నాకు అప్పుడు అర్థమైంది.

"సారూ," అంది నాతో, "మీ గల్లీల బండి ఇంక వస్తలేదా?"

అంబదాస్ గోడ మీది క్యాలెండరు చదువుతున్నాడు. ఇరవై ఏళ్లుగా మందులమ్ముతున్నవాడిని, ముఖం మారకుండా మాట్లాడటం నాకు వచ్చు.

"వస్తలేదవ్వా. శాన పరేషాన్ ఉన్నది."

ఆమె ప్యాకెట్‌ను పొడి చెత్తలో వేసింది. చేతులు దులుపుకుంది.

"అట్లయితె మీరు సుత తెచ్చుకోండ్రి. నాకేం బరువు గాదు. కని మీది మీ సంచిల, వానిది వాని సంచిల. కల్పి తెస్తె ఎవల చెత్త ఎవలదో లింగవ్వకు తెల్వదనుకున్నరా?"

అంబదాస్ కుళాయి బిగించాలంటూ గబగబా లోపలికి వెళ్లిపోయాడు. లోపల పానా కిందపడిన చప్పుడైంది. నవ్వు ఆపుకుంటున్నాడో, ఇంకేమైనానో నాకు కనబడలేదు.

"ఛాయ్ సల్లగైతుంది, తాగు సారూ," అంది లింగవ్వ. "ఎడమ చెవికి సుత రంగు అంటింది. తుడుసుకో."

నేను తుడుచుకున్నాను.